అమెరికా నుంచి వచ్చిన పాత రికార్డు ప్లేయరు: మోటారు మార్చాలా?

ప్రశ్న (విజయనగరం):
మా బావగారు అమెరికా నుంచి పంపిన 1970ల నాటి జపాను ప్లేయరు, బెల్టుతో తిరిగేది, పోయిన వారం చేరింది. పళ్ళేన్ని ఇరుసు మీదనే వదిలేసి, సూదిని మోసే టోన్‌ఆర్మ్‌ను కట్టకుండా పంపడంతో దారిలో దెబ్బలు తిని, కింది చెక్క చట్రం ఒక మూల విచ్చుకుంది. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తిప్పితే పళ్ళెం రాసుకుంటోంది, ఎడమ స్పీకరు పలకడం లేదు, పైగా ఘంటసాల గొంతు మూడు మెట్లు దిగి నిద్రలో పాడుతున్నట్టుంది. ఆయన సంగీతం నేర్చుకున్న ఊళ్ళోనే ఆయన పాటను ఇలా వినవలసి వచ్చింది. మోటారు పోయిందని ఇక్కడి మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?

సమాధానం (శ్రీకాకుళం):
అయ్యా, మోటారు జోలికి అప్పుడే పోకండి. ముందుగా ప్లగ్గు తీసి, పళ్ళెం అంచుకు వెంట్రుకవాసి దూరంలో పెన్సిలు మొనను కదలకుండా నిలబెట్టి, పళ్ళేన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. చుట్టుచుట్టుకూ సందు పెరిగి తరుగుతుంటే ఇరుసో పళ్ళెమో వంగినట్టు. సందు మారకుండా, రాపిడి మాత్రం చట్రానికి ఒకే చోట తగులుతుంటే తప్పు చట్రానిదే. ఇరుసు వంగినా సుత్తి పట్టవద్దు. నేను అలాగే ఒక మంచి ప్లేయరును పోగొట్టుకున్నాను.

టోన్‌ఆర్మ్ కొసన సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జి వెనుకనున్న నాలుగు సన్నని తీగల్లో సాధారణంగా తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. వాటిని కార్ట్రిడ్జి నుంచి ఊడదీసిన తరువాతే మల్టీమీటరు పెట్టండి. లేకుంటే మీటరు పంపే కరెంటుకు లోపలి చుట్ట పాడుకావచ్చు. ఇక పళ్ళెం అంచున కాగితం ముక్క అతికించి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, వెనుక రేకు మీద ఏమి రాసి ఉందో చెప్పండి.

ప్రశ్న అడిగిన వారు:
సుమారు 28 చుట్లు వస్తున్నాయి. రేకు మీద 117 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. సందు మారడం లేదు, రాపిడి ఎప్పుడూ చట్రం విచ్చిన మూలనే. తెల్ల తీగ పిన్ను దగ్గర తెగింది.

సమాధానం:
అయితే మీ మోటారు నిక్షేపంలా ఉంది. ఈ రకం మోటారు వేగం వోల్టులను బట్టి కాక హెర్ట్జ్‌ను బట్టి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, నిమిషానికి రికార్డు తిరగవలసిన 33⅓ చుట్లను 50తో హెచ్చవేసి 60తో భాగిస్తే 27.8 వస్తుంది, మీరు లెక్కపెట్టింది ఇంచుమించు అదే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. ఈ ఒక్క నేరం మాత్రం రవాణా వారి మీద మోపలేము. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు ఇరుసు మీద బెల్టును తిప్పే చిన్న చక్రం) దొరికితే సరి, లేకుంటే పాతదానికి రెండు వేగాల కోసం ఉన్న రెండు మెట్ల వ్యాసాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, 1.2 రెట్ల కొలతకు లేత్ మీద ఇత్తడితో చేయించండి. బెల్టు నడిచే చోట పాతదానికి ఉన్న ఉబ్బును అలాగే ఉంచమనండి. అది చదునైతే బెల్టు జారిపోతుంది.

చట్రం మూలకు చెక్క జిగురు పట్టించి, రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయని కొలిచి చూసుకున్నాక, పాత సైకిలు ట్యూబు పీలికలతో బిగించి ఒక రోజు కదపకండి. తెల్ల తీగకు టంకం పెట్టేటప్పుడు పిన్ను కార్ట్రిడ్జికి తగిలించి ఉండకూడదు.

కొత్త పుల్లీ వేశాక, గుండ్రటి కాగితం చుట్టూ సమదూరంలో 180 గీతలు గీసి, పళ్ళెం మీద పెట్టి చోక్ ఉన్న పాత ట్యూబులైటు కింద తిప్పండి. గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తే వేగం కుదిరినట్టే. ఇంకా జరుగుతుంటే పుల్లీని ఏ మేరకు అరగదీయాలో చూద్దాం.