లివర్ క్యాన్సర్‌కి మూడు మందులు కలిపి ఇచ్చే ట్రయల్: నాన్నగారిని చేర్చవచ్చా?

ప్రశ్న:
నాన్నగారికి లివర్ క్యాన్సర్ బాగా ముదిరాక బయటపడింది, పోర్టల్ వెయిన్‌లోకి (లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద సిరలోకి) కూడా పాకిందట, ఆపరేషన్ కుదరదన్నారు. ఇప్పుడు అందరికీ ఇస్తున్న అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్‌లకి ఇంకో కొత్త మందు కలిపి చూసే ట్రయల్ ఉంది, ఆలోచించుకోండి అన్నారు డాక్టర్ గారు. రెండింటికన్నా మూడు మేలే కదా, మరి నేరుగా ఇవ్వకుండా, కొత్త మందు ఎవరికి, ఎవరికి కాదు అని ఈ లాటరీ దేనికి? ఉత్తి సెలైన్ ఎక్కించి ఊరుకుంటారేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు 1:
మందు కలిపినంత మాత్రాన ఆయుష్షు కలుస్తుందని ముందే చెప్పలేమండీ, ట్రయల్ పెట్టేది అందుకే. 2020లో అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీకి అనుమతి వచ్చింది, అంతకుముందు ఇచ్చే సొరాఫెనిబ్ మాత్ర వాడినవాళ్లలో 13.4 నెలలున్న మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) దీంతో 19.2 నెలలకి చేరింది. ఇక అందరూ జోడీల మీద పడ్డారు. కానీ కాబోజాంటినిబ్ అనే ఇంకో క్యాన్సర్ మందుని అటెజోలిజుమాబ్‌తో కలిపి చూస్తే గడ్డ పెరగడం కొంత ఆలస్యమైంది తప్ప, సొరాఫెనిబ్ ఒక్కటే వాడినవాళ్లకన్నా ఎక్కువ కాలం బతకలేదు, పైగా సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువ. లెన్వాటినిబ్ అనే మందుకి పెంబ్రోలిజుమాబ్ అనేది కలిపినప్పుడూ, లెన్వాటినిబ్ ఒక్కదానితో పోలిస్తే తేడా గట్టిగా నిలబడలేదు. కాగితం మీద రెండూ బ్రహ్మాండంగా కనిపించినవే.

జవాబు 2:
సెలైన్ భయం గురించి. ఇలా అదనపు మందుని పరీక్షించే ట్రయల్స్‌లో మామూలుగా రెండు గ్రూపులకీ పాత జోడీ ఇస్తారు, ఉత్తిది పెడితే మూడోదాని స్థానంలోనే. అయినా సంతకం పెట్టేముందు "మూడోది రాని గ్రూపుకి ఏం ఇస్తారు?" అని సూటిగా అడగండి, సమ్మతి పత్రంలో ఆ పేరా వేలు పెట్టి చూపించమనండి. మధ్యలో మానుకునే హక్కు మీకుంటుంది, మానుకున్నా మామూలు వైద్యం ఆపరు.

జవాబు 3:
ఎండోస్కోపీ అయిందా బాబూ? సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడవడం) ఉంటే అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బుతాయి, బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మా అమ్మకి ముందు ఆ ఉబ్బిన నాళాలకి రక్తం కారకుండా బ్యాండ్లు వేశాకే మందు మొదలుపెట్టారు. ఇంకోటి, ఆ 19 నెలల లెక్క లివర్ ఇంకా బాగా పనిచేస్తున్నవాళ్లది, అంటే లివర్ పనితీరుని కొలిచే చైల్డ్-ప్యూ స్కోరులో ఏ గ్రేడువాళ్లది. కడుపులో నీరు, కామెర్లు ఉన్నవాళ్లకి అదే లెక్క కట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ఎండోస్కోపీ ఇంకా చేయలేదండీ. రక్తస్రావం ముప్పు ఉందని తేలితే దారి మూసుకుపోయినట్టేనా?

జవాబు 3:
లేదు. ట్రెమెలిముమాబ్ అనే మందు ఒక్క డోసు, దాంతోపాటు డుర్వాలుమాబ్ అనే మందు ఇచ్చే పద్ధతి ఉంది, అందులో బెవాసిజుమాబ్ ఉండదు. కాకపోతే అది రోగనిరోధక శక్తిని ఎగదోస్తుంది, ఆ శక్తి మన పేగుల మీదే పడొచ్చు, అందుకే విరేచనాలు మొదలైతే ఇంట్లో మాత్ర వేసి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేయాలి. ముందు ఎండోస్కోపీ కానివ్వండి, చైల్డ్-ప్యూ స్కోరు కూడా రాయించుకోండి.