ట్రెంట్ రెజ్నర్ సినిమాల్లోకి వచ్చాక చల్లబడ్డారా?

సాయంకాల శ్రోత (ప్రశ్న):
నమస్కారం. హాస్టల్ రోజుల్లో ఒక మిత్రుడి క్యాసెట్ పుణ్యమా అని నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ రాక్ బృందం అరుపుల పాటలు విని, రెండు రాత్రులు నిద్ర పట్టక అవస్థ పడినవాణ్ణి. ఆ బృందానికి అన్నీ తానే అయిన ట్రెంట్ రెజ్నర్ 2010 నుంచి హాలీవుడ్ నేపథ్య సంగీతంలో కుదురుకుని, రెండు ఆస్కార్లు కూడా అందుకున్నారు. మొన్న మా అమ్మాయితో కలిసి, ఆయన సంగీతం చేసిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ (ఫేస్‌బుక్ పుట్టుక కథ) మళ్లీ చూశాను. అందులో ఆ అరుపులు లేవు, అసలు ఆయన గొంతే లేదు. వయసు మీదపడి చల్లబడ్డారా, లేక నా చెవికి అందనిది ఏదైనా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

తంత్రీనాదం:
చల్లబడ్డారనడం సరికాదండి. ఆ సినిమా మొదట్లో, అమ్మాయి తెగతెంపులు చేసుకుని వెళ్లిపోయాక కథానాయకుడు రాత్రివేళ హార్వర్డ్ ప్రాంగణం మీదుగా తన గదికి వెళ్తాడు. మరొకరైతే అక్కడ హుషారైన కాలేజీ పాట ఒకటి వేసి ఊరుకునేవారు. రెజ్నర్, ఆయన సహచరుడు అటికస్ రాస్ మాత్రం పియానో మీద విడివిడిగా నాలుగు స్వరాలు పలికించి, వాటి కింద తుమ్మెద ఝంకారం లాంటి రొదను సన్నగా, ఆగకుండా నడిపారు. ఇంకా ఏ తప్పూ చేయని కుర్రవాడి మీద మనకు అనుమానం పుట్టించేది ఆ రొదే. ఆ పియానో బాణీ సినిమాలో మూడుసార్లు వస్తుంది; మైకును ఒక్కోసారి పియానోకు మరికాస్త దూరం జరుపుతూ రికార్డు చేశారు. బాణీ మారదు, మనిషి మాత్రం మనకు దూరమైపోతూ ఉంటాడు. ఒకప్పుడు గొంతు చించుకుని చెప్పిన ఒంటరితనాన్ని ఇప్పుడు మైకు జరిపి చెప్పారు, అంతే తేడా. ఆ సంవత్సరం ఆస్కార్ పోటీలో ‘ఇన్‌సెప్షన్’కు హాన్స్ జిమ్మర్, ‘127 అవర్స్’కు మన రెహమాన్ గారు ఉన్నా, గెలిచింది ఈ సినిమా సంగీతమే. రెహమాన్ అభిమానిగా ఆనాడు నాకు కష్టంగానే అనిపించింది కానీ, అన్యాయం జరిగిందని మాత్రం అనలేకపోయాను.

రీలుపెట్టె:
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక సవరణ చేయాలి. రెజ్నర్ ఉన్నట్టుండి సినిమాల్లోకి ఊడిపడలేదు. 1994లో ‘నేచురల్ బోర్న్ కిల్లర్స్’ పాటల ఆల్బమ్‌ను కూర్చింది ఆయనే. 1996లో ‘క్వేక్’ అనే వీడియో గేమ్‌కు సంగీతం చేశారు. 2008లో సాహిత్యం లేని 36 వాద్యఖండాలను ఒకేసారి విడుదల చేశారు. సినిమా లేకుండానే రీరికార్డింగ్ సాధన చేసినట్టుగా ఉంటుంది ఆ సంపుటి. దర్శకుడు డేవిడ్ ఫించర్ మొదట అడిగినప్పుడు అలసటతో కాదన్నారు. తర్వాత మనసు ఊరుకోక తానే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకొని ఒప్పుకున్నారు. ఇక రాస్ పేరును మనమంతా రెజ్నర్ వెనకాల తోకలా తగిలిస్తాం. రెండు ఆస్కార్ల మీదా ఆయన పేరు కూడా ఉందని మరచిపోకూడదు.

మూడో వరుస:
నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. 2020లో వచ్చిన, పాతకాలపు హాలీవుడ్ కథ అయిన ‘మాంక్’ సినిమా కోసం వారు 1930ల, 40ల నాటి వాద్యాలకే కట్టుబడ్డారు. కోవిడ్ కాలం కనుక వాద్యకారులు ఎవరి ఇంట్లో వారు వాయించి పంపిన ముక్కలను జోడించారు. ఆ శ్రమకు నమస్కరిస్తాను గానీ, వింటున్నంతసేపూ ఎవరో చక్కగా వేషం కట్టినట్టే ఉంది తప్ప, రెజ్నర్ జాడ నాకు తగల్లేదు. అదే ఏడాది వచ్చిన యానిమేషన్ సినిమా ‘సోల్’లో జాన్ బటీస్ట్ జాజ్ భాగాన్ని చూసుకుంటే, వీరిద్దరూ ఆత్మలు తిరుగాడే లోకానికి మెత్తని సింథసైజర్ ధ్వనులు కూర్చారు, రెండో ఆస్కార్ దానికే వచ్చింది. నాకు నచ్చింది మాత్రం టెన్నిస్ ఆటగాళ్ల కథ అయిన 2024 నాటి ‘ఛాలెంజర్స్’. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటుంటే టెక్నో దరువు వచ్చి మాటల మీద పడుతుంది, టెన్నిస్ కోర్టు వారి మధ్యకు వచ్చినట్టుగా. దానికి ఆస్కార్ నామినేషన్ కూడా రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తంత్రీనాదం:
మూడో వరుస గారూ, ‘మాంక్’ విషయంలో మీతో వాదించను. కానీ 2025లో వచ్చిన ‘ట్రాన్: ఆరీస్’ సంగీతానికి ఇద్దరి పేర్లకు బదులు నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బృందం పేరే వేసుకున్నారు. అందులో ఆయన గొంతు కూడా ఉంది. సాయంకాల శ్రోత గారు వెదుకుతున్నది అక్కడ దొరకవచ్చు.

సాయంకాల శ్రోత:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మైకు సంగతి చెప్పకుండా మా అమ్మాయి చేత ఆ పియానో ఘట్టాలు మూడూ ఇయర్‌ఫోన్లతో వరసగా వినిపించాను. మొదటిదానికి ఏమీ అనలేదు. మూడోది వినగానే ఇయర్‌ఫోన్ తీసి, “నాన్నా, ఇది పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుందేంటి?” అని అడిగింది.