సమస్య: “తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె” (పూరణలు, సమీక్ష)

మిత్రులారా, ఈ వారం సమస్య (ఈ పాదంతో ముగిసేలా మీరు పద్యం పూరించాలి) ఆటవెలది నాలుగో పాదం:

తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె

వస్తువు కూడా ఇస్తున్నాను. పేటలో ఉండే చిన్న చైనీస్ టేకవుట్ కొట్టు, దాని గురించి కొనుక్కుని తినేవాళ్లు చెప్పే అభిప్రాయాలు. కూర్చుని తినే చోటు కాదు, పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చుకునే చోటు.

పాదం నడక తేలిక. అయిదు సూర్యగణాలు (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ జత) తి–తి. కష్టమంతా అర్థంలో ఉంది. నోరు తిడుతుంది, మెచ్చుకుంటుంది. కానీ నడిచి ఎలా వస్తుంది? ఇంకో మెలిక సంధిలో ఉంది, ఎవరైనా అందులో చిక్కుకుంటే అప్పుడు చెబుతాను.

ఈ వస్తువు ఎందుకంటే, ఇలాంటి కొట్ల కింద జనం రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను. ఎక్కువ భాగం “అద్భుతం”, “చెత్త” అనే రెండు మాటలే. వంటవాడు వాటితో ఏం చేసుకుంటాడు? మన పద్యాల కింద “చాలా బాగుంది” అని వెళ్లిపోయే వ్యాఖ్య కవికి ఎంత పనికొస్తుందో అదీ అంతే. ఏ పాదంలో యతి తప్పిందో చెప్పినట్టు, ఏ వంటకంలో ఏం తేడా వచ్చిందో చెప్పాలి.

పూరణ 1

మూత వేసి తెచ్చి మొత్తమూ మెత్తనై
పోయె నంచు నలిగి పోరు సలిపి
మూత తీయు కిటుకు ముచ్చటగా నేర్చి
తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె

“గురువుగారూ, ఇది నా రెండో ఆటవెలది. తప్పులుంటే దయచేసి చెప్పండి. పోట్లాట మాత్రం నిజంగా నాదే. వేయించిన చికెన్ ముక్కలు ఇంటికొచ్చేసరికి నానిపోయాయని ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. అవతల ఫోనెత్తిన అమ్మాయి శాంతంగా, ‘దారిలో మూత కొంచెం తెరిచి ఉంచండి’ అంది. అంతే తేడా.”

సమీక్ష: అమ్మా, గణాలూ యతులూ నిర్దోషంగా ఉన్నాయి. మొదటి పాదం చివర “మెత్తనై” అని ఆపి, రెండో పాదాన్ని “పోయె” అని ఎత్తుకోవడం రెండో పద్యానికే పట్టుబడిందంటే సంతోషంగా ఉంది. అభినందనలు.

మూడో పాదం దగ్గర రెండు మాటలు. ఒకటి, “ముచ్చటగా” యతి కోసం వచ్చి కూర్చుంది. కిటుకు నేర్చుకోవడంలో ముచ్చటేముంది? రెండు, వాక్యానికి కర్త నోరు కాబట్టి కిటుకు నేర్చుకున్నదీ నోరే అవుతోంది. నోరు చేయగల పని పెడితే అన్వయం కుదురుతుంది: “మూత తీసి కరకు ముక్కలు రుచి చూచి”.

వస్తువు మాత్రం పక్కాగా పట్టారు. బాణలిలోంచి తీసిన ముక్క ఇంకా ఆవిరి వదులుతూనే ఉంటుంది. మూత బిగిస్తే ఆ ఆవిరి మూత లోపలి వైపు చుక్కలై పట్టి, మళ్లీ ముక్కల మీదే రాలుతుంది. మొక్కజొన్న పిండి పట్టించిన పైపొర ఆ తడిని పీల్చుకుని పది నిమిషాల్లో సాగిపోతుంది. ఈ తప్పు వంటవాడిది కాదు, దారిది.

ఇంకో సభ్యుడి వ్యాఖ్య: ఈ కొట్లవాళ్లు కట్టిచ్చే తెల్ల అట్టపెట్టె అసలు ఈ వంట కోసం పుట్టిందే కాదండీ. 1894లో షికాగోలో ఫ్రెడరిక్ వీక్స్ విల్‌కాక్స్ దానికి పేటెంట్ తీసుకున్నాడు, అదీ ఆయిస్టర్లు తీసుకెళ్లడానికి. ఒకే అట్టను మడిచి చేస్తారు కాబట్టి పులుసు కారదు. నూడుల్స్‌కీ అన్నానికీ దానికి మించింది లేదు. వేపుడు ముక్కలకే చిక్కు.

పూరణ కర్త: ధన్యవాదాలు గురువుగారూ. కానీ “కరకు” అంటే నాకు కరకు మాట, కరకు గుండె గుర్తొస్తున్నాయి. నాకు “కరకర” కావాలి. ప్రయత్నిస్తాను.

పూరణ 2

ఉప్పు కాదు విషము ఒప్పదీ తిండని
తలయె పగిలె నంచు దాడి సేసి
పండు టమాట లోన నుండు నా రుచి యని
తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె

సమీక్ష: మిత్రమా, మొదట లోపాలు. “విషము ఒప్పదీ” విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశారు. ఉత్తు (పదం చివరి ఉకారం) మీద అచ్చు వస్తే సంధి నిత్యం. “విషమె యొప్పదీ” అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి. మూడో పాదంలో “టమాట” లగలం (లఘువు, గురువు, లఘువు), అది సూర్యగణం కాదు. పండు–నుండు ప్రాసయతి (రెండో అక్షరాలు కలిపే యతి) బాగానే వేశారు కానీ గణం పోయాక అది ఆదుకోలేదు. పైగా “రుచి యని” తర్వాత క్రియ లేదు.

టమాటాకు మన పాత మాట రామములగ ఉంది కదా! “రామములగ లోన రాజిల్లు నని విని” అంటే గణాలు, యతి, క్రియ మూడూ ఒక్కసారే చక్కబడతాయి.

ఇక విషయం, అజినోమోటో విషమన్న నింద. ఈ కొట్ల మీద పడిన నిందల్లో ఇంత అన్యాయమైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు చారులోంచి ఆ రుచిని విడదీశాడు. అదే మనం అజినోమోటో అని పిలిచే ఎంఎస్‌జీ (మోనోసోడియం గ్లుటమేట్) అయింది. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు వచ్చిన ఉత్తరంలో ఒక డాక్టరు, చైనీస్ భోజనం తర్వాత మెడ తిమ్మిరెక్కుతోందని, గుండె దడగా ఉంటోందని రాసి, కారణం ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అని కొన్ని ఊహలు చెప్పాడు. వాటిలో ఎంఎస్‌జీ ఒకటి మాత్రమే. జనం మిగతావి వదిలేసి దాన్నే పట్టుకున్నారు. పండిన టమాటాలో, పుట్టగొడుగుల్లో, బాగా ఊరిన చీజ్‌లో ఉండేదీ ఆ గ్లుటమేటే. పిజ్జా తిని తల పగిలిందని ఎవరూ అనరు, ఈ కొట్టు గోడ మీదే “ఎంఎస్‌జీ వాడం” అన్న బోర్డు కట్టించారు. ఎక్కువ మోతాదు పడని వాళ్లు కొందరు ఉండొచ్చు. వాళ్లు అడిగి తినడం న్యాయం. కానీ ఒక జాతి వంట మొత్తానికి జబ్బు పేరు తగిలించడం న్యాయం కాదు.

పూరణ కర్త: సవరణలన్నీ స్వీకరించాను మాస్టారూ. మా నాయనమ్మ రామములక్కాయ అనేది. ఆ మాట గుర్తుకు రానందుకు బాధగా ఉంది.

పూరణ 3

నిన్నటన్న మేల నేటికి వేచెద
వనుచు నడిగి పిదప వంటవాని
చెంత నిలిచి పొడిగఁ జిందు మెతుకుఁ జూచి
తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె

సమీక్ష: ఈ వారం పూరణల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మూడో పాదం చదువుతుంటే బాణలి కనిపిస్తోంది. గరిటె కిందికి దూరి పైకి ఎగరేసిన అన్నం ఒక్క క్షణం మంట వెలుగులో విడివిడిగా తేలి, మళ్లీ ఇనుము మీద చిటపటమని పడుతుంది. “పొడిగఁ జిందు మెతుకు” అన్న చిన్న మాటలో అదంతా ఉంది. ద్రుతం (పదం చివరి నకారం), సరళాదేశం (దాని మీద క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలు కావడం) రెండూ సరిగ్గా పాటించారు.

ఒక్క లోపం ఉంది, అది వ్యాకరణంలో కాదు. నాలుగో పాదం “తిట్టినట్టి నోరె” అంటోంది. మీ రెండో పాదంలో ఆయన అడిగాడే తప్ప తిట్టలేదు! “వనుచుఁ గసరి పిదప” అనండి. పద్యం మొత్తం బిగుస్తుంది.

ఇంకో సభ్యురాలి వ్యాఖ్య: నాదొక సందేహం. నిన్నటి అన్నం అని ఫిర్యాదు చేయడం తప్పెలా అవుతుంది? నేనూ అలా రాసినదాన్నే.

సమీక్షకుడు: తప్పని నేననను చెల్లెమ్మా. వేడి వేడి అన్నాన్ని బాణలిలో వేస్తే దాని తడి ఆవిరై, మెతుకులు అంటుకుని ముద్ద కడతాయి. చల్లారి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉన్న అన్నంలో పిండి పదార్థం గట్టిపడుతుంది, మెతుకు పైన ఆరుతుంది. అందుకే విడివిడిగా వేగుతుంది. ఫ్రైడ్ రైస్‌కు నిన్నటి అన్నం వాడటం పొదుపు కోసమే కాదు, రుచి కోసం కూడా. అయితే ఆ అన్నాన్ని వండగానే చల్లబరిచి ఫ్రిజ్‌లో పెట్టారా, రాత్రంతా పొయ్యి పక్కనే వదిలేశారా అన్నది వేరే ప్రశ్న. బయట వెచ్చగా ఉన్న అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి “నిన్నటిది పెట్టారు” అని కాకుండా, “పుల్లటి వాసన వచ్చింది” అనో “జిగురుగా ఉంది” అనో రాస్తే ఆ అభిప్రాయానికి బలం ఉంటుంది.

ఆమె: నేను రాసినప్పుడు వాసనేమీ రాలేదు. అన్నం పొడిగానే ఉంది. ఎవరో చెబితే విని రాశాను.

పూరణ 4

అసలు చీనవంట యది గాదు పొమ్మని
ఒక్క చుక్క నిచ్చి యురికి పోయి
ఊరి వీధులన్ని యూరక వెదుకుచు
తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె

“ఇందులో ‘తిరిగి’ శ్లేష. మరల అనీ, వీధులు తిరిగి అనీ రెండర్థాలు. ‘చుక్క’ అంటే రివ్యూలో ఇచ్చే స్టారు.”

సమీక్ష: అయ్యా, శ్లేష అద్భుతంగా కుదిరింది. “నోరు ఎలా వస్తుంది” అన్న నా ప్రశ్నకు నేరుగా జవాబిచ్చింది మీరొక్కరే. రుచి వెతుక్కుంటూ తిరిగే నోరు అలసి వెనక్కి రావడం సహజంగా ఉంది. “ఒక్క చుక్క నిచ్చి యురికి పోయి” కూడా ముచ్చటైన పాదం.

మొదట్లో చెప్పిన సంధి మెలికలో మాత్రం చిక్కుకున్నారు. “వెదుకుచు” ద్రుతప్రకృతికం, అంటే చివర ద్రుతం ఉండే పదం. దాని మీద పరుషం (ఇక్కడ త) సరళం (ద) కావాలి. అంటే “వెదుకుచుఁ దిట్టినట్టి” అనాలి. అప్పుడు ఇచ్చిన పాదం మారిపోతుంది. మూడో పాదం కళతో (ద్రుతం లేని పదంతో) ముగియాలన్నదే ఈ సమస్యలో దాచిన ముడి.

పూరణ కర్త: నలభై ఏళ్లుగా రాస్తున్నాను, అయినా చూసుకోలేదు. “దిట్టినట్టి” అని మార్చుకోనిస్తారా? యతి చెడదు కదా.

సమీక్షకుడు: యతి చెడదు, నిజమే. కానీ ఇచ్చిన పాదం ఇచ్చినట్టే ఉండాలన్నది మనం పెట్టుకున్న నియమం. మీకు సడలిస్తే కొత్తవాళ్లకూ సడలించాలి. “ఊరి వీధులన్ని యొక్కటొక్కటి చూచి” అంటే ఎలా ఉంటుందో చూడండి. “చూచి” లాంటి క్త్వార్థకం కళ కాబట్టి తకారం తకారంగానే నిలుస్తుంది. వీధులు ఒక్కొక్కటీ చూడటంతో మీ శ్లేషకూ బలం వస్తుంది.

పూరణ కర్త: యూరక కంటే యొక్కటొక్కటి వెయ్యి రెట్లు నయం. నమస్సులు.

సమీక్షకుడు: “అసలు చీనవంట కాదు” అన్న ఆక్షేపణ గురించి నేనూ కొంచెం చెప్పాలి. అమెరికాలో 1882 చట్టం చైనా కూలీల రాకను ఆపేసింది. వర్తకులకు మాత్రం దారి మిగిలింది. 1915లో ఒక కోర్టు తీర్పు హోటలు యజమానులనూ వర్తకుల్లో చేర్చింది. సొంత ఊరిని చూసి రావాలన్నా, తన వాళ్లను తెచ్చుకోవాలన్నా హోటలు ఒక తోవ అయింది. అలా వంటిల్లు ఎక్కిన వాళ్లు అక్కడ దొరికే కూరలతో, అక్కడివాళ్లు తినగలిగే తీపితో వండారు. జనరల్ త్సో చికెన్ చూడండి. చైనాలోని హునాన్‌లో పుట్టిన పెంగ్ చాంగ్-కుయ్ అనే వంటవాడు తైవాన్‌లో 1950లలో చేసిన వంటకం అది. మొదట అందులో తీపి లేదు. సముద్రం దాటాక తియ్యగా మారింది. ఈ అమెరికా చీనవంటను నకిలీ అనడానికి నాకు మనసొప్పదు. పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు వండిన వంట అది, దానికీ నూరేళ్ల చరిత్ర ఉంది. “తీపి ఎక్కువైంది” అనండి, సరే. “ఇది అసలుది కాదు” అంటే ఆ వంటవాడు ఏం దిద్దుకోవాలి?

పూరణ 5 (నాది)

ఉప్పు నీరె యనుచు నొక తిట్టు వ్రాయగఁ
దప్పుఁ దిద్ది మరల దాని వండ
మెచ్చు మాట వ్రాయ మేలని తలపోసి
తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె

నేను తెచ్చుకునే కొట్టులో ఒకసారి సూపు ఉప్పు కషాయంలా ఉంది. అదే రాశాను, ఏ రోజు, ఏ సూపు అన్నదీ రాశాను. తర్వాతి వారం వెళితే, కౌంటర్ దగ్గర నోటుబుక్కులో లెక్కలు చేసుకుంటున్న వాళ్ల పిల్లవాడు తలెత్తి, సూపు మార్చామని అమ్మ చెప్పమంది అన్నాడు. సంచికి వేసిన రెండు ముళ్లు విప్పి ఇంట్లో రుచి చూశాను. నిజంగానే మార్చారు.

ఒక సభ్యుడి వ్యాఖ్య: గురువుగారూ, చనువు తీసుకుంటున్నాను. రాసింది చెయ్యి కదా, నాలుగో పాదంలో నోరు ఎక్కడిది? మూడో పూరణకు మీరు చెప్పిన లోపం లాంటిదే ఇదీ.

సమీక్షకుడు: నిజమే నాయనా, మంచి చూపు. “ఒక తిట్టు తిట్టగఁ” అనీ, మూడో పాదంలో “మెచ్చు మాట చెప్ప” అనీ మార్చుకుంటున్నాను. గణాలు మారవు, నోటికి పని దొరుకుతుంది.

మొదటి పూరణ కర్త: గురువుగారూ, “కరకర” దొరికింది. నాలుగు లఘువులు, నలం. సూర్యగణం చోట పట్టదని మూడు రోజులు తిప్పలు పడ్డాను. నాలుగు లఘువులూ పట్టే ఇంద్రగణం చోటికి జరిపి, యతి కోసం పాదాన్నే క-కారంతో ఎత్తుకున్నాను. నిన్న రాత్రి మళ్లీ అవే ముక్కలు తెచ్చుకున్నాను, దారి పొడవునా పెట్టె మూత ఓరగా తెరిచి ఒళ్లో పెట్టుకుని. ఇంటికొచ్చాక కూడా చప్పుడు వినిపించింది.

మూత వేసి తెచ్చి మొత్తమూ మెత్తనై
పోయె నంచు నలిగి పోరు సలిపి
కాస్త మూత తీసి కరకర చవి చూచి
తిట్టినట్టి నోరె తిరిగి వచ్చె