బోన్ చైనాలో నిజంగా ఎముకలుంటాయా? అత్తయ్యగారికి కప్పులు కొనాలి

లీడ్స్_కోడలు:
వచ్చే నెల రాజమండ్రి వెళ్తున్నాం. "మంచి టీ కప్పులు తీసుకురా అమ్మాయ్, ఇంగ్లండులో చేసినవే" అన్నారు అత్తయ్యగారు. బోన్ చైనా అనే పల్చటి తెల్ల పింగాణీ కప్పులు ఆరు నచ్చాయి. బిల్లు వేయించబోతుంటే మా ఆయన "బోన్ అంటే ఎముకే కదా, అమ్మకి తెలిస్తే గుమ్మం దాటనివ్వదు" అన్నారు. కోడిగుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వరు ఆవిడ. అది ఉత్త పేరేనా? కింద 'ఇంగ్లండ్' అని ఉంటే ఇక్కడ చేసినట్టేనా?

స్టోక్_బావ:
ఉత్త పేరు కాదండి. దాదాపు సగం ఎముకల బూడిదే, ఎక్కువగా పశువులవి. మిగతాది కార్న్‌వాల్ తెల్లమట్టి, రాయి. కప్పు బయట నుంచి ఫోన్ టార్చ్ వేసి, మధ్యలో వేలు అడ్డం పెట్టి కప్పు లోపలికి చూడండి, వేలి నీడ కనిపిస్తుంది. వెలుగు అలా దూరడం బూడిద చలవే.

తొమ్మిదేళ్లుగా పింగాణీ పనికి పేరున్న స్టోక్-ఆన్-ట్రెంట్‌లో ఉంటున్నా. ఇక్కడివాళ్లకి ఎక్కడ ప్లేటు కనిపించినా తిప్పి కింద ముద్ర చూసే అలవాటు. నాకూ అంటుకుంది. మొన్న ఒక గృహప్రవేశంలో పులిహోర తినేసి ప్లేటు తిప్పితే మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

మీరు ఎర్తెన్‌వేర్ కొనండి, అంటే మామూలు బంకమట్టిని కాల్చి చేసేవి, అందులో ఎముక ఉండదు. బర్లీ అనే కంపెనీ వాళ్లవి చూడండి. మా ఊళ్లోనే మిడిల్‌పోర్ట్‌లో కాలవ పక్కన 1889 నాటి ఫ్యాక్టరీ, ఇప్పటికీ నడుస్తోంది. చెక్కిన రాగి రోలరు మీద నీలం రంగు పూసి, పల్చటి టిష్యూ కాగితం మీద అచ్చు తీస్తారు. ఒకసారి కాల్చిన కప్పుకి ఆ కాగితం చుట్టి, గట్టి బ్రష్‌తో రుద్ది రుద్ది, నీళ్లతో కడిగేస్తారు. కాగితం పోతుంది, పువ్వులు ఉంటాయి. గ్లేజ్, అంటే మెరుపు పూత, ఆ తర్వాతే. నా మగ్గులో పిడి దగ్గర రెండు కాగితాలు కలిసే చోట ఒక పువ్వు సగానికి తెగింది. ఆ మగ్గు ఎవరికీ ఇవ్వను.

ముద్ర సంగతి: 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉందా, 'డిజైన్డ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉందా, కళ్లజోడు పెట్టుకుని మరీ చదవండి. వెడ్జ్‌వుడ్ అనే పేరుమోసిన ఇంగ్లిష్ కంపెనీవి కూడా చాలావరకు ఇండోనేషియాలో చేసినవే.

హైదరాబాదీ_చాయ్:
మా అమ్మమ్మ సాసరు కింద ఉత్త 'ఇంగ్లండ్' అనే ఉంది. అది దొంగదా అయితే?

స్టోక్_బావ:
కాదన్నా. అమెరికా 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది. అప్పట్నుంచి 'ఇంగ్లండ్' అని వేయడం మామూలైంది. 'మేడ్ ఇన్' ఎక్కువగా కనిపించేది తర్వాతి కాలంలో. సాసరు జాగ్రత్త, మైక్రోవేవ్‌లో పెట్టకు. బంగారు అంచుంటే నిప్పురవ్వలే.

గుంటూరు_మిర్చి:
కాల్చి బూడిదయ్యాక ఇంకా ఎముకేంటండీ? విభూతీ బూడిదేగా!

లీడ్స్_కోడలు:
ఆ మాట మీరే వచ్చి ఆవిడతో చెప్పండి, నేను పక్కగదిలో ఉంటా.

బావగారూ, మిడిల్‌పోర్ట్ వెళ్లొచ్చాం. ఫ్యాక్టరీ షాపులో సెకండ్స్, అంటే చిన్న లోపాలున్నవి, నాలుగు తీసుకున్నా. ఒకదాని మీద నీలం కాస్త అలుక్కుపోయింది. వీడియో కాల్‌లో చూపిస్తే అత్తయ్యగారు అదే కావాలన్నారు. పోయినసారి సూట్‌కేసులో గాజుసీసా పగిలి చీరలన్నీ పచ్చడయ్యాయి, అందుకని ఈసారి కప్పులు చేతిసంచిలోనే.