హైదరాబాద్ ఎండల్లో రోజూ సూట్ వేసుకునేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ జీన్స్, టీషర్ట్‌తో సరిపోయే ఆఫీసులో పనిచేశాను. ఈమధ్యే రాయదుర్గంలో ఒక ఫైనాన్స్ కంపెనీలో చేరాను. క్లయింట్లని కలిసే పని కాబట్టి రోజూ సూట్, టై ఉండాలన్నారు.

లోపల ఏసీ చలికి కోటు హాయిగానే ఉంటుంది. ఇబ్బందంతా దారిలోనే. నాగోల్‌లో మెట్రో ఎక్కుతాను. అమీర్‌పేటలో మియాపూర్-ఎల్బీ నగర్ లైన్ జనం కూడా ఎక్కేసరికి, చేతిమీద వేసుకున్న కోటు నలిగిపోతుంది. పోనీ తొడుక్కుంటే పాలిస్టర్ లైనింగ్ వీపుకి అతుక్కుపోయి, దిగేలోపు చొక్కా తడిసి ముద్దవుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటితే ఎలాగా అని ఇప్పటినుంచే టెన్షన్.

లినెన్ చల్లగా ఉంటుంది గానీ ఇట్టే ముడతలు పడుతుంది. పల్చటి ఉన్ని గుడ్డతో, లైనింగ్ సగమే వేసి కుట్టిస్తే గాలి ఆడుతుందట. మన ఎండకి అది నిజంగా పనికొస్తుందా? అలా కుట్టే టైలర్లు ఆబిడ్స్, సికింద్రాబాద్ వైపు ఎవరైనా ఉన్నారా? కుట్టుకూలి ఎంతవుతుంది?

ఇంకో మాట. వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో లాయర్లకే నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. ఇస్త్రీ చేసిన మంగళగిరి కాటన్ చొక్కా, మంచి ప్యాంటు, షూస్ వేసుకుంటే క్లయింటుకి మర్యాద తగ్గుతుందని నేననుకోను. క్లయింట్ మీటింగ్ లేని రోజుల్లోనైనా ఇలా రానివ్వమని అడగాలనుంది. కానీ ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. మీలో ఎవరైనా ఇలా అడిగి ఒప్పించారా? మేనేజర్‌ని అడగాలా, నేరుగా హెచ్‌ఆర్‌నా?