ఎర్రనేలలో మెటల్ డిటెక్టర్ నిలకడగా పనిచేయడం లేదు, సలహా కావాలి

నమస్కారం. చిత్తూరు దగ్గర మా చేనిలో చెనక్కాయలు పెరికేటప్పుడు మా వదిన బంగారు కమ్మ ఒకటి జారిపోయింది. దానిని వెతకడానికి ఒకే అతి తక్కువ ఫ్రీక్వెన్సీపై పనిచేసే వీఎల్‌ఎఫ్ డిటెక్టర్‌ను మిత్రుని వద్ద అడిగి తెచ్చుకున్నాను. (ఇది గుప్తనిధుల వేట కాదు, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుందని నాకు తెలుసు.)

చేను పైభాగంలో, యంత్రం అడుగున ఉండే తీగచుట్ట అయిన కాయిల్‌ను పైకీ కిందికీ ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాల సంకేతాన్ని యంత్రం పట్టించుకోకుండా సరిచేయడం) చేస్తే యంత్రం కుదురుగానే ఉంటుంది. కానీ కుప్పం వైపు తవ్వే నల్లరాయి వంటి రాళ్లు తేలిన దిగువకు, ముఖ్యంగా వాననీటికి నల్లని ఇసుక చారలుగా పేరుకున్న కాలువ గట్టుకు వచ్చేసరికి, కాయిల్ ఎత్తు కొద్దిగా మారినా ఆగకుండా మోగుతుంది. ఆ ఇసుక అయస్కాంతానికి మీసాల్లా అంటుకుంటున్నది కనుక మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజమే కారణమని భావిస్తున్నాను. సెన్సిటివిటీ తగ్గిస్తే మోత ఆగుతుంది గానీ, పరీక్ష కోసం బెత్తెడు లోతున పూడ్చిన రెండో కమ్మ కూడా పలకదు. డిస్క్రిమినేషన్ (ఇనుము వంటి అక్కర్లేని లోహాలను వడగట్టే అమరిక) పెంచితే, ఇలాంటి నేలలో చిన్న బంగారాన్ని ఇనుముగా లెక్కగట్టి వదిలేస్తుందన్న భయం ఉంది.

ఆటో ట్రాకింగ్ (నేల మారేకొద్దీ యంత్రమే బ్యాలెన్స్ సరిచేసుకోవడం) వాడితే బలహీనమైన సంకేతాన్ని కూడా నేలతో కలిపి చెరిపేస్తుందా, లేక చారచారకూ చేత్తో బ్యాలెన్స్ చేసుకోవడమే మేలా? రెండు D ఆకారపు చుట్టలున్న చిన్న డబుల్‌-డి కాయిల్ చాలుతుందా, విద్యుత్ పల్సులతో పనిచేసే పల్స్ ఇండక్షన్ యంత్రమే కావాలా? చేనిలో తుప్పు మేకులు చాలా ఉన్నందున ఇనుమును సరిగా వేరుచేయలేని ఆ పల్స్ ఇండక్షన్ యంత్రానికి జంకుతున్నాను. దుక్కి దున్నేలోపు వెతకాలి కనుక, నేల తడిగా ఉన్నప్పుడు ప్రయత్నించాలో, ఆరాక ప్రయత్నించాలో కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.