ఓడిన్ గుర్రానికి ఎనిమిది కాళ్ళెందుకు?

తూర్పుగాలి:
నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాల్లో దేవతల పెద్ద ఓడిన్ ఎక్కే గుర్రం స్లీప్‌నిర్‌కు ఎనిమిది కాళ్ళు. అది వేగానికి గుర్తని కొందరంటారు, షామన్ల, అంటే పూనకంలో వేరే లోకాలకు వెళ్ళొచ్చే మంత్రగాళ్ళ, ఊహ అని కొందరంటారు. నాది రెండో పక్షం. సైబీరియాలో బుర్యాత్ అనే తెగ కథల్లోనూ ఎనిమిది కాళ్ళ గుర్రం ఉంది. అక్కడే ఉండే యాకుత్ తెగ షామన్‌కు డప్పే గుర్రం, దాన్ని వాయిస్తూనే పైలోకాలకు వెళ్ళొస్తాడు. ఓడిన్ తొమ్మిది రాత్రులు వేలాడాడని చెప్పే చెట్టు పేరు ఇగ్‌ద్రసిల్. ఇగ్ ఓడిన్‌కున్న పేర్లలో ఒకటి, ద్రసిల్ అంటే గుర్రం. ఊరికే ఒక చెట్టును గుర్రం అంటారా?

రాతిబొమ్మ:
తొందరపడుతున్నారండీ. స్లీప్‌నిర్ పుట్టుక కథను వివరంగా రాసింది ఐస్‌లాండ్‌లో స్నోరి అనే రచయిత, సుమారు 1220లో. అప్పటికి ఆ దేశం క్రైస్తవంలోకి మారి రెండు వందల ఏళ్ళు దాటింది. సైబీరియా కథలు కాగితం మీదికి ఎక్కింది ఇంకా కొన్ని వందల ఏళ్ళకు. పోనీ, స్కాండినేవియా ఉత్తరాన పొరుగున ఉన్న సామీ తెగ దగ్గర నేర్చుకున్నారందామా? హిస్టోరియా నోర్వేజియే అనే పాత లాటిన్ గ్రంథంలో సామీ మాంత్రికుడి డప్పు వర్ణన ఉంది. దాని మీద తిమింగలం, రెయిన్‌డీర్, పడవ ఉన్నాయి, గుర్రం లేదు.

గోదారిగట్టు:
మీరిద్దరూ పాడెను మర్చిపోయారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సేకరించిన గోండుల చావు పాట ఒకదాంట్లో ఎనిమిది కాళ్ళ గుర్రం వస్తుంది. అది నలుగురు మోసే పాడె! మా తాతయ్య పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. జనం మధ్య నుంచి వంగి చూస్తే పాడె కింద దుమ్ములో కదిలే ఎనిమిది కాళ్ళే కనిపించాయి. ఆ పాట గురించి చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

రాతిబొమ్మ:
మీ మాట మనసుకు తగిలింది. కానీ పాడె వెళ్ళడమే గానీ తిరిగి రాదు. ఓడిన్ కొడుకు బాల్డర్ చనిపోతే, అతన్ని వెనక్కి అడగడానికి అతని సోదరుడు హెర్మోడ్ స్లీప్‌నిర్ మీద తొమ్మిది రాత్రులు ప్రయాణించి చచ్చినవాళ్ళుండే హెల్ లోకానికి వెళ్ళాడు. ప్రాణాలతో తిరిగొచ్చాడు కూడా.

తూర్పుగాలి:
అదే కదా షామన్ పని! చచ్చినవాళ్ళ లోకానికి బతికుండగానే వెళ్ళి రావడం. మన దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాం చూడండి, హెర్మోడ్‌ది ఆ ఆశే.

గోదారిగట్టు:
స్నోరి కంటే ముందరి సాక్ష్యం ఒకటి చూద్దాం. స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో చంగ్‌విదె దగ్గర 1844లో దొరికిన రాయి, స్నోరి కంటే కనీసం రెండు వందల ఏళ్ళు పాతది. దాని మీద ఎనిమిది కాళ్ళ గుర్రం, రౌతు, ఎదురుగా కొమ్ము పాత్ర అందిస్తున్న ఒక స్త్రీ ఉన్నారు. ఆ రౌతు ఓడినే అని కొందరి వాదన. కానీ రాయి మీద రూన్ అనే పాత లిపిలో రాసింది చూడండి, చనిపోయిన సోదరుడి జ్ఞాపకంగా నిలబెట్టిందని ఉంది. నాకైతే గుర్రం మీద ఉన్నది ఆ సోదరుడే.